పాత కంప్యూటరు కొత్త ముద్రను ఏల నమ్మదు?

ఉన్నత పాఠశాలల కంప్యూటరు గదులలో పది పదునైదేండ్ల నాటి యంత్రములు నేటికిని పనిచేయుచుండుట మన మెరిగినదే. వానిపై మార్కుల జాబితాలు తయారగుచున్నవి, ప్రశ్నపత్రములు టైపు అగుచున్నవి, పిల్లలు బొమ్మలు గీయుచున్నారు. ఒక్క విషయమున మాత్రము అవి మొండికెత్తును. అప్‌డేటులు తెచ్చుకొమ్మని మీట నొక్కినచో గంటల తరబడి వెదకుచునే యుండును. లేదా ఎర్రని గుర్తుతో ఒక పొడవైన సంఖ్యను చూపి ఊరకుండును. చూచినవారు "ముసలిదైనది, పాతసామానుల వానికి వేయవలసినదే" అందురు. చాల సందర్భములలో యంత్రమునందు లోపమేమియు ఉండదు. తాను గుర్తింపలేని చేతినుండి వచ్చిన దానిని తీసికొననని అది నిరాకరించుచున్నది. ఈ నిరాకరణము వెనుకనున్న గణితము పదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. దానిని తెలిసికొన్నచో యంత్రమును ఒప్పించు మార్గమును తెలియును.

మన పాఠశాలలలో ఎక్కువగా కనబడు విండోస్ 7 నే ఉదాహరణముగా తీసికొందము. ఈ ఆపరేటింగ్ సిస్టము 22 అక్టోబరు 2009 న విడుదలయ్యెను. దీనికి మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితముగా దిద్దుబాట్లు పంపుట 14 జనవరి 2020 తో ఆగిపోయెను. రుసుము చెల్లించిన సంస్థలకు మాత్రము మరి మూడేండ్లు, అనగా 10 జనవరి 2023 వరకు, పంపిరి. అనగా కొత్త దిద్దుబాట్లు ఇక రావు. కాని 2009 కిని 2020 కిని నడుమ పదేండ్ల పాటు వెలువడిన వందల కొలది దిద్దుబాట్లు ఉన్నవి గదా! కొత్తగా విండోస్ 7 ఎక్కించిన యంత్రమునకు అవి ఒక్కటియు ఉండవు. వానినైన చేర్చుట ఎట్లు అనునదే ప్రశ్న.

ఆ దిద్దుబాట్లు అంత అవసరమా అని అడుగువారు కలరు. ఆపరేటింగ్ సిస్టము కోట్ల కొలది పంక్తుల ఆజ్ఞలతో కూడిన గ్రంథము. అంత గ్రంథములో అచ్చుతప్పులు లేకుండుట అసంభవము. కొన్ని తప్పులు నిరపాయకరములు. కొన్ని దొంగకు కిటికీ తెరచియుంచినట్టివి. 14 మార్చి 2017 న మైక్రోసాఫ్ట్ అట్టి యొక కిటికీని మూయు దిద్దుబాటును విడుదల చేసెను. సరిగా 59 దినముల పిమ్మట, 12 మే 2017 న, 'వన్నాక్రై' అను దుష్ట ప్రోగ్రాము అదే కిటికీ గుండ దూరి సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టుకొనెను. అది ఫైళ్లను తాళము వేసి, తీయుటకు సొమ్ము అడిగెను. బ్రిటనులో ప్రభుత్వ ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేసికొనవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడ ఆ దెబ్బకు గురియయ్యెను. నష్టపోయిన యంత్రములలో అత్యధిక భాగము విండోస్ 7 వే. దిద్దుబాటు రెండు నెలల ముందే సిద్ధముగా ఉన్నది; అవి దానిని తీసికొనలేదు, అంతే. ఒక పాఠశాలలో పదేండ్ల విద్యార్థుల రికార్డులు ఒకే యంత్రమునందు ఉన్నచో, ఈ కథ దూరదేశపు కథ కాదు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. దిద్దుబాటు అనగా ఇంటర్నెట్టు ద్వారా వచ్చు ఒక ఫైలు. అది యంత్రపు అంతఃపురము లోనికి ప్రవేశించి, ముఖ్యమైన భాగములను మార్చును. అట్టి ఫైలును ఎవరు పంపినను తీసికొన్నచో యజమాని కొంప మునుగును. కావున ప్రతి దిద్దుబాటుకును ఒక ముద్ర ఉండును. పబ్లిక్ పరీక్షల ప్రశ్నపత్రముల కట్టను తలచుకొనుడు. కట్ట పరీక్షా కేంద్రమునకు చేరగానే చీఫ్ సూపరింటెండెంటు మొదట సీలు చెక్కుచెదరక ఉన్నదా, అది అసలు సీలేనా అని చూచును. సీలు సరిగా లేనిచో, లోపలి పత్రములు అసలైనవే యైనను, ఆయన కట్టను విప్పరాదు. కంప్యూటరు చేయునదియు సరిగా ఇదే. ఐతే కంప్యూటరు ఫైలుకు సీలు వేయుట ఎట్లు? దీనికి రెండు మెట్లు కలవు.

మొదటి మెట్టు, ఫైలు నుండి ఒక చిన్న సంఖ్యను రాబట్టుట. దీనిని 'హాష్' అందురు. మనము వేలిముద్ర అని పిలుచుకొందము. ఒక పిల్లల ఉదాహరణము చూడుడు. 4725 అను సంఖ్యలో మొదటి అంకెను 1 తోను, రెండవ దానిని 2 తోను, మూడవ దానిని 3 తోను, నాల్గవ దానిని 4 తోను గుణించి కూడుదము. 4 + 14 + 6 + 20 = 44. ఈ 44 దాని వేలిముద్ర. ఎవరైన 7 ను 8 చేసినచో వేలిముద్ర 46 అగును, మోసము బయటపడును. నడుమనున్న 7, 2 అంకెలను తారుమారు చేసి 4275 అని వ్రాసినచో 4 + 4 + 21 + 20 = 49 వచ్చును; ఇదియు బయటపడును. అంకెలను ఊరక కూడియుండినచో ఈ తారుమారు తెలిసెడిది కాదు గదా! ఐనను మన లెక్క గట్టిది కాదు. 2825 అను సంఖ్యను పరీక్షింపుడు: 2 + 16 + 6 + 20 = 44. వేరు సంఖ్య, అదే వేలిముద్ర. తెలివిగల విద్యార్థి ఇట్టి జంటను ఐదు నిమిషములలో కనిపెట్టగలడు. ఇట్టి జంట దొరకుటను శాస్త్రజ్ఞులు 'ఢీకొనుట' అందురు.

నిజమైన వేలిముద్రల లెక్కలు ఫైలులోని బిట్లను పలుమారులు పిసికి, కలియబెట్టి, చివరకు నిర్ణీతమైన పొడవుగల సంఖ్యను ఇచ్చును. 1992 లో వెలువడిన ఎండి-5 అనునది 128 బిట్ల ముద్రను, 1995 నాటి షా-1 అనునది 160 బిట్ల ముద్రను ఇచ్చును. షా-2 కుటుంబములోని షా-256 ఇచ్చునది, పేరులో ఉన్నట్లే, 256 బిట్లు. దశాంశ పద్ధతిలో వ్రాసినచో అట్టి ముద్రల మొత్తము 78 అంకెల సంఖ్య.

రెండవ మెట్టు, ఈ వేలిముద్రపై సంతకము. 1977 లో రివెస్టు, షమీర్, అడిల్మన్ అను మువ్వురు కనిపెట్టిన ఉపాయము ఇందుకు వాడుకలో ఉన్నది. దాని సారమును చిన్న అంకెలతో చూపవచ్చును. సంతకము చేయువాడు 7 అను సంఖ్యను రహస్యముగా దాచుకొనును. 3, 33 అను సంఖ్యలను లోకమునకు చాటును. వేలిముద్ర 5 అనుకొందము. అతడు 5 ను ఏడుమార్లు గుణించి (78125), దానిని 33 తో భాగించి శేషమును తీసికొనును. శేషము 14. ఇదే సంతకము. దీనిని పరీక్షించువానికి 7 తెలియనక్కరలేదు. 14 ను మూడుమార్లు గుణించిన 2744. దానిని 33 తో భాగించిన శేషము 5. వేలిముద్ర సరిపోయినది గావున సంతకము అసలైనదే. 33 ను చూచి 7 ను ఊహించుట సులభమే, ఏలయన 33 అనగా 3 × 11 అని అందరికిని తెలియును. కాని 33 కు బదులు ఆరువందల అంకెలు గల సంఖ్యను తీసికొన్నచో, దాని కారణాంకములను విడదీయుట నేటి ఏ కంప్యూటరుకును సాధ్యముకాని పని. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై చేయించినచో, శేషములను గూర్చిన పాఠము ఇంత పెద్ద పనికి వచ్చునా అని పిల్లలు ఆశ్చర్యపడుదురు.

ఇందలి కీలకము గమనింపుడు. సంతకము ఫైలుపై కాదు, వేలిముద్రపై. కావున ఒకే వేలిముద్రగల రెండు ఫైళ్లను ఎవడైన తయారుచేయగలిగినచో, మంచి ఫైలుకు పడిన సంతకము చెడ్డ ఫైలుకును అతుకును. ఇది ఊహ కాదు, జరిగినది. 2004 లో చైనా గణిత శాస్త్రజ్ఞురాలు వాంగ్ షియావోయున్ తన సహచరులతో కలిసి ఎండి-5 కు ఢీకొను జంటలను చూపెను. పండితలోకము హెచ్చరించినను పాత ముద్ర కొన్ని మూలలలో మిగిలిపోయెను. 2012 మే నెలలో 'ఫ్లేమ్' అను గూఢచారి ప్రోగ్రాము మధ్యప్రాచ్య దేశముల కంప్యూటర్లలో బయటపడెను. దాని కర్తలు ఎండి-5 లోని ఈ బలహీనతనే వాడుకొని, మైక్రోసాఫ్ట్ ఇచ్చినట్లే కనబడు సర్టిఫికెట్టును సృష్టించిరి. ఆ దొంగ సర్టిఫికెట్టుతో సంతకము చేసిన ఫైలు విండోస్ అప్‌డేటు వేషములో ప్రక్క యంత్రములలోనికి ప్రవేశించెను. మైక్రోసాఫ్ట్ 3 జూన్ 2012 న ఆ సర్టిఫికెట్లను చెల్లనివిగా ప్రకటించుచు అత్యవసరముగా దిద్దుబాటు పంపెను. వైద్యుని వేషములో విషము పోయుట వంటి ఈ ఘటన తరువాత ముద్ర విషయమున ఎవ్వరును ఉపేక్ష వహింపలేకపోయిరి.

షా-1 సంగతియు అట్లే ముగిసినది. ఒక తరగతిలో 23 మంది విద్యార్థులున్నచో, వారిలో ఇద్దరికి ఒకే పుట్టినరోజు వచ్చు అవకాశము సగముకన్న ఎక్కువ. ఇది మొదట నమ్మశక్యముగా తోచదు. కాని 23 మందిలో జంటలు 253 ఉండునని తలచినచో ఆశ్చర్యము తగ్గును. అదే విధముగా 160 బిట్ల ముద్రలో ఢీకొను జంటకై 160 రెళ్ల గుణకారమంత శ్రమ అక్కరలేదు, 80 రెళ్ల గుణకారమంత చాలును. 80 రెళ్లను గుణించిన 25 అంకెల సంఖ్య వచ్చును గావున అదియు చాల పెద్దదే. కాని షా-1 లెక్కలోని లోపములను వాంగ్ మొదలగువారు 2005 నుండి బయటపెట్టుచు, ఆ శ్రమను తగ్గించుచు వచ్చిరి. 23 ఫిబ్రవరి 2017 న ఆంస్టర్‌డాములోని గణిత పరిశోధన సంస్థవారును గూగుల్ వారును కలిసి, వేర్వేరు రూపములు, ఒకే షా-1 ముద్ర గల రెండు ఫైళ్లను లోకమునకు చూపిరి. వారికి సుమారు 63 రెళ్ల గుణకారమంత లెక్క చాలెను. అనగా సహజమైన కష్టములో లక్షవ వంతుకన్న తక్కువ! ఐనను అది చిన్నపని కాదు. ఒకే ప్రాసెసరుతో చేసినచో 6500 ఏండ్లు పట్టు పనిని, దానికి తోడు ఒకే గ్రాఫిక్సు ప్రాసెసరుతో 110 ఏండ్లు పట్టు పనిని వారు వేల యంత్రములకు పంచి చేసిరి.

ఆ పిమ్మట షా-1 తో వేసిన సీలును నమ్ముట తెలిసి తెలిసి చేయు తప్పు. 2019 లో మైక్రోసాఫ్ట్ తన దిద్దుబాట్లకు షా-2 ముద్ర మాత్రమే వేయ నిశ్చయించెను. విండోస్ 7 విషయమున 13 ఆగస్టు 2019 నుండి ఇది అమలయ్యెను. ఇక్కడనే పాత యంత్రమునకు చిక్కు వచ్చినది. విండోస్ 7 కు షా-256 లెక్క కట్టుట తెలియనిది కాదు. కాని వచ్చిన అప్‌డేటుల సంతకమును పరీక్షించు భాగములకు ఆ లెక్కను అన్వయించు ఏర్పాటు మొదట లేకుండెను. పాత సీలు నమూనా ఒక్కటే తన బీరువాలో ఉన్న సూపరింటెండెంటుకు కొత్త సీలుతో కట్ట వచ్చినచో ఏమి చేయును? తిప్పి పంపును. యంత్రము 80092004 అను సంఖ్యను చూపుచు చేయుచున్నది అదే. 2020 లో షా-1 పై ఆధారపడిన అప్‌డేటు సర్వరులను కూడ మూసివేసిరి. దానితో కొత్తగా ఎక్కించిన విండోస్ 7 కు కట్టలు రాకపోవుటయే కాదు, కట్టలు వచ్చు దారియు మూసుకొనిపోయినది.

పరిష్కారము స్పష్టమే: ముందుగా కొత్త సీలు నమూనాను ఆయనకు అందజేయవలెను. కాని ఆ నమూనాపై ఏ సీలు వేయవలెను? కొత్త సీలు వేసినచో ఆయన నమ్మడు. కావున కొత్త ముద్రను నేర్పు దిద్దుబాటు పాత ముద్రతోనే రావలెను. మైక్రోసాఫ్ట్ అట్టి రెండు దిద్దుబాట్లను 12 మార్చి 2019 న విడుదల చేసెను. కెబి 4490628 అనునది అప్‌డేటులను అమర్చు పనివానినే బాగుచేయును; కెబి 4474419 షా-2 ముద్రను గుర్తించుట నేర్పును. ఈ రెంటికిని ముందు, ఫిబ్రవరి 2011 లో వచ్చిన సర్వీసు ప్యాకు 1 ఆ యంత్రములో ఉండితీరవలెను. వరుస తప్పరాదు: సర్వీసు ప్యాకు, పనివాడు, ముద్ర. పిమ్మట యంత్రమును ఆపి తిరిగి నడిపించవలెను. దారి మూసుకొనియున్నందున, ఈ ఫైళ్లను మంచి స్థితిలో నున్న వేరొక కంప్యూటరుపై మైక్రోసాఫ్ట్ వారి అప్‌డేట్ కేటలాగు నుండి దింపి, పెన్‌డ్రైవులో తేవలెను. యంత్రము 32 బిట్లదో 64 బిట్లదో ముందే చూచుకొనుట మరువరాదు. రెంటికిని ఫైళ్లు వేరు.

ఇంతకుముందే చూడవలసినది ఒకటి కలదు, అది గడియారము. కంప్యూటరు ఆగియున్నను కాలమును లెక్కించుటకు లోపల బిళ్లవంటి మూడు వోల్టుల బ్యాటరీ ఉండును. సిఆర్ 2032 అని అడిగినచో గడియారముల దుకాణములోనే దొరకును. కొన్నేండ్లకు అది నీరసించును. అప్పుడు ప్రతిదినము ఉదయము యంత్రము తాను పుట్టిన సంవత్సరములో మేల్కొనును. ప్రతి సర్టిఫికెట్టుకును ఫలానా తేదీనుండి ఫలానా తేదీవరకు అను గడువు ఉండును. యంత్రపు గడియారము 2009 జనవరి అని చూపుచున్నచో, 2019 లో ఇచ్చిన సర్టిఫికెట్టు దానికి ఇంకను పుట్టనిదే! కావున నమ్మదు. ఇంత కథను కొన్ని రూపాయల బ్యాటరీ నడపుచుండుట నిజముగా విచిత్రము. నా అనుభవమున, 'ఇంటర్నెట్టు పాడైనది' అని పిలిపించిన సందర్భములలో మొదట చూడదగినది తెర మూలనున్న తేదీయే.

గడువు రెండవ వైపునుండియు బాధించును. సంతకముపై సంతకము, దానిపై మరొక సంతకము ఉండి, చివరకు 'మూల సర్టిఫికెట్టు' అను దానిపై గొలుసు ఆగును. అది యంత్రములో ముందే పొదిగియుండును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ప్రజాహిత సంస్థ లక్షల వెబ్‌సైట్లకు ఉచితముగా సర్టిఫికెట్లు ఇచ్చుచున్నది. దాని గొలుసు మొదట్లో ఆధారపడిన మూల సర్టిఫికెట్టు ఒకటి 30 సెప్టెంబరు 2000 న పుట్టి, సరిగా 21 ఏండ్లకు, 30 సెప్టెంబరు 2021 న గడువు తీరెను. ఆ దినమున పాత ఫోనులు, పాత కంప్యూటర్లు ఎన్నియో నిన్నటిదాక తెరచిన వెబ్‌సైట్లనే నేడు తెరువనని భీష్మించినవి. కొత్త మూల సర్టిఫికెట్టును చేర్చినచో తీరు జబ్బే అది. రవాణాలో వాడు రహస్యలిపి సంగతియు ఇట్టిదే. దాని పేరు టిఎల్‌ఎస్. 1999 నాటి 1.0 రూపమును 2021 మార్చిలో అధికారికముగా విరమించిరి. 2008 నాటి 1.2 రూపమో, అంతకు కొత్తదో నేడు కావలెను. విండోస్ ఎక్స్‌పి కి 1.0 వరకే తెలియును. విండోస్ 7 కు 1.2 తెలియును గాని, దానిలోని కొన్ని భాగములు అడిగినగాని వాడవు. 2016 లో వచ్చిన కెబి 3140245 ఆ అలవాటును మార్చుటకు తోడ్పడును.

ఇక ఎర్ర గుర్తు చూపక, గంటల తరబడి వెదకుచునే యుండు యంత్రము సంగతి. ఇది ముద్రల జబ్బు కాదు, లెక్కల జబ్బు. ప్రతి కొత్త దిద్దుబాటును కొన్ని పాత దిద్దుబాట్లను రద్దుచేయును. ఏది దేనిని రద్దుచేసినది, ఈ యంత్రమునకు నికరముగా ఏవి కావలెను అని తేల్చుకొనవలెను. వందమంది ఒకరితో నొకరు కరచాలనము చేసికొన్నచో 4950 కరచాలనములు; వేయిమంది ఐనచో 4,99,500. మంది పదిరెట్లైనచో పని నూరురెట్లగును. యంత్రము చేయు లెక్క సరిగా ఇదే అని కాదు గాని, పెరుగుదల ఈ తీరుదే. ఏండ్లు గడచినకొలది జాబితా పెరిగి, పాత ప్రాసెసరు ఆ లెక్కలోనే మునిగిపోయెడిది. 2015 ఏప్రిలు నాటి కెబి 3020369 ను, దానిపై 2016 జూలై నాటి కెబి 3172605 ను చేతితో అమర్చినచో వెదకులాట నిమిషములకు దిగును. అంతకన్న మేలైన దారి, 2016 మే నాటి కెబి 3125574 అను పెద్ద కట్ట. సర్వీసు ప్యాకు 1 తరువాత 2016 ఏప్రిలు వరకు వచ్చిన వానిలో చాలభాగము అందులోనే ఉన్నది. దానికిని కెబి 3020369 ముందుండవలెను. 2016 అక్టోబరు నుండి మైక్రోసాఫ్టే నెలకొక కట్ట పద్ధతికి మారినది. ఆ తెలివి ముందే రావలసినది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఈ కష్టములు తెలిసినవారు "సంతకముల తనిఖీనే తీసివేయుడు, అన్నియు ఎక్కును" అని సలహా ఇచ్చుట కలదు. సీళ్లు సరిగా లేవని సూపరింటెండెంటునే ఇంటికి పంపుట ఇది. అట్లే, 'అన్ని అప్‌డేటులు ఒకే ఫైలులో' అని ఊరు పేరు లేని వెబ్‌సైట్లు ఇచ్చు కట్టలను తాకరాదు. 'ఫ్లేమ్' కర్తలకు దొంగ ముద్రకై ఉన్నత గణితము కావలసి వచ్చెను; తనిఖీ తీసివేసిన యంత్రమును లోబరచుకొనుటకు ఎక్కములు రానివాడును చాలును.

లినక్సు వాడు పాఠశాలలవారికి ఈ చిక్కు వేరొక రూపములో ఎదురగును. ఉబుంటు, డెబియన్ వారు కాలముతీరిన రూపముల ప్యాకేజీలను మామూలు సర్వరుల నుండి తీసి, పాతవానికై ఉంచిన ప్రత్యేక సర్వరులకు చేర్చుదురు. యంత్రము పాత చిరునామాకే పోయి, లభింపలేదని తిరిగి వచ్చును. చిరునామాల ఫైలులో కొత్త ఇంటి పేరు వ్రాసిన చాలును. డెబియన్ జాబితాలపై గడువు తేదీ వ్రాసియుండుట వలన ఆ గడువు తీరినదని యంత్రము గొణుగుటయు కలదు.

ఎన్ని చేసినను, విండోస్ 7 కు 2020 జనవరి తరువాత బయటపడిన కిటికీలు తెరచియే యుండును. కావున అట్టి యంత్రమును టైపు పనికి, ప్రయోగశాల కొలతలకు, పిల్లల అభ్యాసమునకు, ఇంటర్నెట్టుతో సంబంధము లేకుండ వాడుకొనుట మంచిది. విద్యార్థుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు దానిపై ఉంచరాదు. యంత్రమునకు శక్తి చాలినచో తేలికపాటి లినక్సు కొత్త రూపమును ఎక్కించుట ఇంకను మేలు. విండోస్ 10 కు కూడ 14 అక్టోబరు 2025 తో సాధారణ దిద్దుబాట్లు ఆగిపోయినవి గావున, నిన్నటిదాక కొత్తవనుకొన్న యంత్రములును ఈ వరుసలోనికి వచ్చుచున్నవి.

తరగతిలో చేయదగిన ప్రయోగమొకటి చెప్పెదను. దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు, పాత విండోస్ 7 యంత్రమే చాలును. నోట్‌పాడులో ప్రతి విద్యార్థియు తన పేరును ఇంగ్లీషు అక్షరములలో ఒక పంక్తిగా వ్రాసి భద్రపరచవలెను. కమాండు కిటికీలో 'సర్ట్‌యుటిల్' అను ఉపకరణము కలదు. దానికి హాష్‌ఫైల్ అను ఆజ్ఞను, ఫైలు పేరును, చివర షా-256 అను లెక్క పేరును ఇచ్చినచో 64 గుర్తుల వేలిముద్రను చూపును. లెక్క పేరు ఇయ్యనిచో పాత యంత్రము తన అలవాటు చొప్పున షా-1 నే వాడి 40 గుర్తులు చూపును, అదియు గమనింపదగినదే. వేలిముద్రను కాగితముపై వ్రాసికొని, పేరులో ఒకే ఒక్క అక్షరమును మార్చి, తిరిగి వేలిముద్ర తీయవలెను. రెండు ముద్రలను ఒకదాని క్రింద నొకటి వ్రాసి, ఎన్ని స్థానములలో గుర్తులు కలిసినవో లెక్కింపవలెను. గుర్తులు 0 నుండి 9 వరకును, ఆపైన ఆరు అక్షరములును, మొత్తము 16 రకములు. మార్పు నిజముగా అంతటను కలియబెట్టబడినచో, కలయిక యాదృచ్ఛికమే కావలెను. ఒక్కొక్క స్థానమున పదునారింట ఒక వంతు. 64 స్థానములకు సగటున నాలుగు. ఒక విద్యార్థికి రెండు రావచ్చును, మరియొకనికి ఏడు రావచ్చును. నలువది మంది లెక్కలను నల్లబల్లపై వ్రాసి సగటు తీసినచో నాలుగుకు దగ్గరగా వచ్చును.